కాటా పట్టుకుని వచ్చిన పిల్ల

ఈమధ్య ఒంట్లో కాస్త నీరసంగా ఉందని అన్నానో లేదో, మా కోడలు ఫోనులో ఏదో నొక్కింది. మర్నాడు పొద్దున్నే ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాటుకే మనిషి వచ్చి, నా రక్తం చిన్న సీసాలో పట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా ఫలితం మళ్లీ ఆ ఫోనులోకే వచ్చిపడింది. మనవరాలు అది చదివి, "నానమ్మా, ఆప్‌కా హిమోగ్లోబిన్ తో ముఝ్‌సే భీ అచ్ఛా హై!" అని, నా రక్తం తనకన్నా బాగుందని కేక పెట్టింది. దానికి తెలుగంతా అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే వస్తుంది. నేను తెలుగులో తిడతాను, అది హిందీలో నవ్వుతుంది, మా ఇద్దరికీ అలా జరిగిపోతోంది. పొద్దున్నే ఏమీ తినకుండా మెట్రో ఎక్కేదానికి రక్తం ఎక్కడినుంచి వస్తుందని నాలుగు చీవాట్లు పెట్టాను గానీ, ఆ మాట నా నోట్లోంచి వస్తూంటే నాకే నవ్వొచ్చింది. సరిగ్గా అలాంటి చీవాట్లే ఒకనాడు నేను తిన్నాను, అదీ ఒక యూనివర్సిటీ ప్రొఫెసరమ్మ చేత.

అప్పుడు మేము ఢిల్లీ ఆర్.కె. పురంలో సర్కారు క్వార్టర్లలో ఉండేవాళ్లం. మావారు ఒక మంత్రిత్వశాఖలో గుమాస్తా. మాతోపాటు ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చిన మా మరిది, అప్పటికి చంకదిగని మా అబ్బాయి, ఇదీ మా సంసారం. నేను గుంటూరు జిల్లా నుంచి ఐదో తరగతితో ఆగిన చదువు పట్టుకుని వచ్చినదాన్ని. హిందీ అంటే కూరగాయల బండివాడితో బేరమాడడానికి సరిపోయేంత మాత్రం పట్టుబడింది. ఆ రోజుల్లో అక్కడున్న మన తరం వాళ్లకు ఆ క్వార్టర్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చలికాలం మధ్యాహ్నాలు మంచాలు ఆరుబయట ఎండలో వాల్చుకుని, పంజాబీ ఇల్లాళ్ల దగ్గర స్వెట్టర్లు అల్లడం నేర్చుకుంటూ, వాళ్లకు మన ఆవకాయ రుచి మప్పుతూ గడిపేవాళ్లం. నేను మాత్రం పాత స్వెట్టరు విప్పిన ఊలుతోనే కొత్తది అల్లేదాన్ని గానీ, కొత్త ఊలు కొన్న పాపాన పోలేదు. నన్ను వెనకాల పిసినారిదని అనుకునేవారని తెలుసు. అనుకోనీ, వాళ్ల ఇళ్లలో నెలాఖరున చక్కెర అరువు కావలసివస్తే ముందు మా తలుపే తట్టేవారు కదా.

అలాంటి ఒక చలికాలంలో ఆ పిల్ల వచ్చింది. వరంగల్ వైపు పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో హాస్టల్లో ఉండి పరిశోధన చేస్తోంది. సొంత ఊళ్లు విడిచి ఢిల్లీ వచ్చి కాపురాలు పెట్టిన ఆడవాళ్లలో రక్తం ఎందుకు తక్కువగా ఉంటోందో కనిపెట్టడం ఆమె పని. తెలుగు వచ్చు గనుక మా తెలుగిళ్లన్నీ ఆమెకు అప్పజెప్పారు. భుజాన సంచి, సంచిలో ఒక చిన్న కాటా, సూదులు, గాజు గొట్టాలు. ఫలానా రోజు మీ ఇంటికి వస్తానని ముందుగా చెప్పి, మనం సరేనంటేనే వచ్చేది. అది యూనివర్సిటీ వాళ్లు పెట్టిన నియమమట. వచ్చి, వేలి కొసన గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసుకునేది. ఆ తరువాత వంటింటి గుమ్మంలో కూర్చుని, ఏమేం వండామో, ఎవరి కంచంలో ఎంత పడిందో తూచి రాసుకునేది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి మళ్లీ తూచేది.

ఇక్కడే మేమంతా కలిసి ఒక పని చేశాం. ఇంటికి ఆడపిల్ల వస్తోందని ముందే తెలిశాక, చారు కాచి ఊరుకునే ఇల్లాలు మనలో ఎవరైనా ఉంటుందా? పై అంతస్తులో ఉండే రాజమండ్రి వదినగారు, మా తెలుగువాళ్లందరికీ ఆవిడే పెద్దదిక్కు, వాళ్లాయన సెక్షన్ ఆఫీసరు, ఆవిడ గారెలు, పాయసం చేసింది. పక్క మెట్ల వైపు ఉండే పిన్నిగారు పులిహోర కలిపింది. అంత పిసినారిదాన్ని నేను కూడా, ఊరినుంచి వచ్చిన నెయ్యి డబ్బా, పండక్కి తప్ప మూత తియ్యనిది, తీసి ముద్దపప్పులో ధారగా పోశాను. తల్లికి దూరంగా హాస్టల్లో నీళ్లపప్పు తాగుతున్న పిల్ల గదా అన్న జాలి ఒకటి, మా ఇంటి లేమి ఎవరి కాగితంలోనూ పడకూడదన్న పౌరుషం ఒకటి, రెండూ కలిసి గరిటెను తిప్పేవి.

పిల్ల మొత్తుకునేది. "అక్కా, నాకోసం ఏం జేయకున్రి. మీరు రోజూ ఏం తింటరో గదే కావాలె నాకు."

"రోజూ మా ఇంట్లో ఇంతేనమ్మా" అనేది వదినగారు, గారె మీద గారె వడ్డిస్తూ. అందరం అదే పాట. ఆ పిల్ల దిగాలుగా తూచుకుని, రాసుకుని వెళ్లేది.

నెయ్యి డబ్బా అడుగు కనిపించేసరికి నాకు ఒళ్లు మండడం మొదలైంది. ఈ పరిశోధన ఎప్పటికి తెమిలేనురా దేవుడా అనుకుంటూండగా, ఒకరోజు ఆ పిల్ల చెప్పాపెట్టకుండా, పొద్దున్నే, సంచి కూడా సరిగ్గా మూయకుండా వచ్చి మా గుమ్మంలో కూలబడి ఏడుపు లంకించుకుంది. సంగతేమిటంటే, యూనివర్సిటీలో ఆమె పైన ఉన్న ప్రొఫెసరమ్మ కాగితాలన్నీ చూసి విసిరికొట్టిందట. ఈ ఆడవాళ్ల రక్తం చూస్తే నీళ్లలా ఉంది, తిండి చూస్తే పెళ్లివారి తిండిలా ఉంది, రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం, ఇలాంటి లెక్కలతో పుస్తకం రాస్తే నలుగురూ నవ్వుతారు అన్నదట. ఎండాకాలం వచ్చేసరికి ఆమె స్కాలర్‌షిప్పు గడువు ముగుస్తుంది. ఆలోగా సరైన లెక్కలు రాకపోతే ఇన్నేళ్ల చదువూ అక్కడితో ఆగిపోయి, ఉత్త చేతులతో ఇంటికి పోవలసిందే. వాళ్ల వీధిలో పై చదువుకని ఢిల్లీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లట. తను అలా తిరిగిపోతే వెనక చెల్లెళ్లను పదో తరగతి కూడా దాటనివ్వరని వెక్కుతూ చెప్పింది.

నాకు ఏడ్చేవాళ్లను ఓదార్చడం చేతకాదు, ఇప్పటికీ రాదు. అందులోనూ అది మావారు ఆఫీసుకు వెళ్లే వేళ, పొయ్యి మీద కూర, చంకలో పిల్లాడు. "ఏవిటమ్మాయ్ ఆ ఏడుపు, ఊరుకో. ఖాళీగా కూచుంటే ఇంకా ఏడుపొస్తుంది. ముందు ఆ తోటకూర బాగుచెయ్యి" అని ఆకు కట్ట ఆమె ముందు పడేశాను. పాపం, ముక్కు తుడుచుకుని కూర్చుని ఆకు గిల్లింది. గిల్లడం అయ్యాక పిల్లాణ్ణి ఎత్తుకోమన్నాను, ఎత్తుకుంది. మావారు, మరిది తిని వెళ్లిపోయారు. కంచాలు తీశాను, వంటిల్లు తుడిచాను. అంతసేపు పనిలో కలిసిపోయిన మనిషి పరాయిదన్న ధ్యాస నాకు ఎప్పుడు పోయిందో తెలియదు. రోజూలాగే కూర అంటుకున్న గిన్నెలోనే ఇంత అన్నం వేసుకుని, గీకి కలుపుకుని, మజ్జిగ నీళ్లు పోసుకుని, ఊరగాయ బద్ద నంజుకుంటూ పొయ్యి పక్కనే కూర్చుని తినేస్తున్నాను.

తలెత్తి చూస్తే ఆ పిల్ల నా గిన్నె వంకే చూస్తోంది.

"అక్కా, నువ్వు రోజూ గింతనే తింటవా?"

ఒక్కసారి నాకు చీర కొంగు జారినంత సిగ్గయింది. గిన్నె పక్కకు లాక్కున్నాను. ఆమె సంచిలోంచి కాటా తీయబోయి, తీయకుండా ఆగి, "తూచనా అక్కా?" అంది.

"నీకేమైనా మతిపోయిందా? రేపు ఇది కాగితంలో పడితే, గుమాస్తా పెళ్లానికి కడుపుకు తిండి పెట్టడని మావారి ఆఫీసులో అనరూ?"

"పేరు రాయనక్కా. నెంబరే ఉంటది. మా అమ్మ గూడ గిట్లనే గిన్నెల తింటది. నాకు ఎరకలేదా? ఎరకే. కానీ మీరు చూపియ్యకుంటే నేనెట్ల రాయాలె?"

ఆమె తల్లి మాట వచ్చేసరికి నా చెయ్యి మెత్తబడింది. గిన్నె ముందుకు తోశాను. నేను తినగా మిగిలింది తూచింది, అంతకు ముందు ఎంత వేసుకున్నానో అడిగి మళ్లీ అంతే అన్నం వేసి తూచింది. రాసుకుంది. నాకు ఎన్నాళ్లుగానో మోస్తున్న బిందె దించినట్టయింది, ఎందుకో చెప్పలేను.

అప్పుడు తట్టింది నాకు ఉపాయం. పిండివంటలు వచ్చేది అతిథికి. పని చెప్పిన మనిషి అతిథి కాదు. మనకు పప్పు ఏరి పెట్టే ఆడబిడ్డ కోసం, పిల్లాడికి నీళ్లు పోసే చెల్లెలి కోసం ఎవరైనా గారెలు వండుతారా? ఆ మధ్యాహ్నమే ఆమె చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లి వదినగారి ముందు నిలబెట్టాను. ఆవిడ ఎండలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

"వదినగారూ, ఇకమీదట ఈ పిల్ల వస్తే కాఫీ ఇవ్వకండి. పని ఇవ్వండి."

"అదేవిటమ్మా! యూనివర్సిటీలో చదువుకునే పిల్లచేత చాకిరీ చేయించమంటావా? నీకెలాగూ పెట్టే చెయ్యి లేదు, మమ్మల్ని కూడా నీలా మార్చాలని చూస్తున్నావా ఏం?"

"అవును, నాలా మారండి. మీ పెట్టే చేతుల వల్లే ఈ పిల్ల చదువు మట్టికొట్టుకుపోతోంది" అని జరిగింది జరిగినట్టు చెప్పాను. వదినగారు కాసేపు చేటలో బియ్యాన్ని అటూ ఇటూ నెట్టింది. గట్టి మనిషే గానీ, మనసు లేనిది కాదు. చివరికి చేట ఆ పిల్ల ఒళ్లోకి జరిపి, "రాళ్లు కనిపిస్తాయా, కళ్లజోడు కావాలా?" అంది. అంతే, మా తెలుగిళ్లలో కథ మారిపోయింది. ఒకరు ఆ పిల్లచేత రుబ్బురోలు తిప్పించారు, ఒకరు ఊలు చుట్టించారు, పిన్నిగారైతే మంచాన ఉన్న వాళ్ల అత్తగారికి తల దువ్వించింది. మొదట్లో ఇరుగుపొరుగు పంజాబీలు, ఈ మద్రాసీలు జీతం లేని పనిపిల్లను పెట్టుకున్నారని నవ్వారట. పని అయ్యాక మగవాళ్లు వెళ్లిన ఇంట్లో ఆమె మా మధ్య కాళ్లు చాపుకుని కూర్చునేది, మేము మా మామూలు తిండి తినేవాళ్లం, ఆమె తూచుకునేది. ఏ గిన్నె చూసినా మా ఇంటి గిన్నెలాగే ఉండేది. వదినగారే ఒకరోజు అంది, "నేను సెక్షన్ ఆఫీసరు పెళ్లాన్నే గానీ, నా గిన్నె ఇంకా గుమాస్తాదేనే" అని. ఎంత నవ్వుకున్నామో ఆ రోజు.

అంతా కుదుటపడిందనుకున్నాం. ఫాల్గుణ మాసం వచ్చింది, చలి విరిగింది, ఆ పిల్ల కొత్త లెక్కలు పట్టుకెళ్లింది. మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. ప్రొఫెసరమ్మ ఈసారి మరో మాట అన్నదట. నిన్నటిదాకా నేతితో తిన్నవాళ్లు ఇవాళ ఇంత తక్కువ ఎలా తింటున్నారు, రక్తం లెక్కకు సరిపోయేలా హాస్టల్లో కూర్చుని నువ్వే రాసుకొచ్చావా, నేనే స్వయంగా వచ్చి చూస్తాను అని. దొంగ లెక్కలు రాసిందన్న మచ్చ పడితే గడువుదాకా ఆగడం కూడా ఉండదు, ఆ రోజే పంపేస్తారు.

ప్రొఫెసరమ్మ వస్తోందన్న కబురు వినగానే క్వార్టర్లలో ఏమైందో ఊహించుకోండి. వదినగారు మినప్పప్పు నానబోసేసింది! నేను పరుగున పైకి వెళ్లాను. "అంత పెద్దావిడ గడప తొక్కుతూంటే వట్టి చేతులతో ఎలా పంపుతామే" అంటుంది ఆవిడ. "ఆవిడ ఒక్క గారె తిందంటే ఈ పిల్ల దొంగయిపోతుంది. ఆ పప్పుతో రేపు అట్లు పోసుకోండి, వృథా కాదు" అన్నాను. అక్కడినుంచి ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే మాట చెప్పి వచ్చాను.

తీరా చూస్తే ప్రొఫెసరమ్మ తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నెంబరు ఏరి, మా ఇంటికే వచ్చింది. బెంగాలీ ఆవిడ, నేత చీర, మందపాటి కళ్లద్దాలు, నవ్వు జాడ లేని మొహం. వెనకాల మన పిల్ల, నెత్తుటి చుక్క లేనట్టు పాలిపోయి. మావారు అప్పటికే వెళ్లిపోయారు, మరిది తింటున్నాడు. పెద్దావిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడగానే, నిజం చెబుతున్నాను, నా చెయ్యి నాకు తెలియకుండానే అలమారులో నెయ్యి డబ్బా వైపు సాగింది. తరతరాల అలవాటు, ఒక్కరోజులో ఎక్కడికి పోతుంది? డబ్బా పక్కనే కారప్పొడికి తీసిపెట్టిన వెల్లుల్లి పళ్లెం ఉంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఆ పళ్లెం తీశాను, పీట వాల్చాను.

"బైఠో దీదీ. యే ఛీలో."

మన పిల్ల గోడకు ఆనుకుంది. ప్రొఫెసరమ్మ నన్నూ, వెల్లుల్లినీ, మళ్లీ నన్నూ చూసింది. అప్పుడు చీర కుచ్చిళ్లు సర్దుకుని పీట మీద కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కొక్క రెబ్బా ఒలవడం మొదలుపెట్టింది. గోళ్లు చిన్నవేమో, పొట్టు రాక అవస్థ పడింది. నేను ఆవిడను పట్టించుకోనట్టే నా పని నేను చేసుకున్నాను. మరిది తిని లేచాడు, పిల్లాడికి తినిపించాను, చివరికి కూర గిన్నె ముందు పెట్టుకుని, ఉన్న ఇంత అన్నం కలుపుకున్నాను. ఆ రోజు నేను తిన్న ముద్దలంత బరువైన ముద్దలు మళ్లీ ఎప్పుడూ తినలేదు. చెవులు కాలిపోతున్నాయి, అయినా దాచలేదు. ప్రొఫెసరమ్మ వెల్లుల్లి చేతులతోనే గిన్నె అందుకుని, కాటా తనే పట్టుకుని తూచింది. కాగితంలో ఉన్న లెక్కతో సరిచూసుకుంది.

"ఠీక్ హై," అంది మన పిల్ల వైపు తిరిగి, "లిఖో."

రాసుకోమన్నా, ఆ పిల్లకు గోడ వదలడానికి కాస్త సమయం పట్టింది. ఆవిడ చేతులు కడుక్కుని వెళ్లబోతూ నా వైపు తిరిగింది. "సబ్‌కో ఖిలాకర్ బచా హువా ఖాతీ హో, ఫిర్ ఖూన్ కహాఁ సే ఆయేగా?" అని నన్ను చదువు రాని పిల్లను కోప్పడినట్టు కోప్పడింది. నాకు హిందీ అంతంతమాత్రమే గానీ, అందరికీ పెట్టి మిగిలింది తింటే రక్తం ఎక్కడినుంచి వస్తుందన్న ఆ ముక్క మాత్రం పూర్తిగా అర్థమైంది.

వేసవి ముదిరేలోపే ఆ పిల్ల పుస్తకం పూర్తయింది. డాక్టరేటు వచ్చిందని చెప్పడానికి మిఠాయి పొట్లంతో వస్తే, ఇంత దండగ ఎందుకమ్మా అని కసిరాను, అదే ఊపున పొట్లం విప్పి అందరికీ పంచాను. తరువాత యూనివర్సిటీ వాళ్లు మా క్వార్టర్లకు ఇనుము మాత్రలు పంపారు, ఒక ఆదివారం ప్రొఫెసరమ్మా, ఆ పిల్లా వచ్చి మగవాళ్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఏం చెప్పారో నాకు తెలియదు, ఆడవాళ్లను రావద్దన్నారు. మర్నాడు పొద్దున మావారు రెండు కంచాలు తీసి ఎదురెదురుగా పెట్టి, "నువ్వు కూర్చుంటేనే నేను తినేది" అన్నారు. ఆఫీసుకు వేళవుతోందని నేను గొణిగాను. ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. కూర్చున్నాను గానీ, ఉప్పుకని ఒకసారి, నీళ్లకని ఒకసారి లేస్తూనే ఉన్నాను. మగవాడి ఎదుట కూర్చుని వేడన్నం తినడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఆ పిల్ల ఆ తరువాత దక్షిణాదిలో ఎక్కడో పాఠాలు చెప్పడానికి వెళ్లింది. చెల్లెళ్లిద్దరూ చదువుకున్నారని ఒకసారి ఉత్తరం రాసింది. మావారు పోయి చాలా ఏళ్లయింది, వదినగారు రాజమండ్రి వెళ్లి అక్కడే కన్నుమూసిందని విన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరి తరువాతా తినరు. కోడలు ఆఫీసునుంచి రాగానే తన కంచం తను పెట్టుకుని వేడిగా తింటుంది, చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. మనవరాలు తనకు ఆకలైనప్పుడు తింటుంది, అబ్బాయి కంప్యూటరు ముందు తింటాడు. గిన్నెలు గీకే అవసరం ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. నాకు దేనికీ లోటు లేదు. కాకపోతే, మగవాళ్లంతా వెళ్లిపోయాక తడి ఆరని వంటింట్లో కాళ్లు చాపుకుని, ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టి, నవ్వి నవ్వి పొలమారేదాకా కూర్చునే ఆ వేళ కూడా మా సంసారాల్లోంచి ఆ గిన్నెలతోపాటే వెళ్లిపోయింది. అప్పుడప్పుడు మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడతాను. అంతా శుభ్రంగా ఉంటుంది, పలకరించే మనిషి ఉండదు. మళ్లీ వచ్చి నా మంచం మీద కూర్చుంటాను.